రాజుగారి మీసం మీద ప్రజాభిప్రాయం

మేడ మీదికి ఎవరి కేక గట్టిగా వినపడితే అదే ప్రజాభిప్రాయమనే రాజు ఒకడుండేవాడు. ఓసారి వీధికుక్కల గొడవొచ్చింది. "అన్నిటినీ చంపండి!" అని కొందరు, "ఒక్కదాన్నీ ముట్టుకోవద్దు!" అని కొందరు అరిచారు.

"కరిచేదాన్ని పట్టుకుంటే చాలు కదా ప్రభూ," అన్నాడు రాజుగారి మంగలి కొండప్ప.

"అలాగని ఎవరూ అరవలేదే!" అని కసిరి, రేపే అన్నిటినీ చంపమన్నాడు రాజు.

మర్నాడు పొద్దున్నే రాజుకి గడ్డం గీస్తూ కొండప్ప కిటికీలోంచి, "రాజుగారి మీసం ఏం చెయ్యమంటారు?" అని కింద గుమిగూడిన జనాన్ని అడిగాడు.

"గొరిగెయ్!" "ముట్టుకోకు!" అని కేకలు లేచాయి. గొరగమన్న కేకే గట్టిగా వినపడింది. కొండప్ప కత్తి ఎత్తాడు.

రాజు రెండు చేతులా మీసం పట్టుకున్నాడు. "ఒరేయ్, కాస్త కత్తిరించమన్నవాడు ఒక్కడూ లేడట్రా?"

"బోలెడుమంది ఉన్నారు ప్రభూ. కాస్త కత్తిరించమని గొంతు చించుకునేదెవరు?"