ఇగురు మీద దూది

పరాంకుశం మాస్టారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని చేతిలో పెట్టి, చూడమనేవారు. కూరగాయల పరిశోధన కేంద్రంలో ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న హైమ ఒకనాడు అడిగింది: "కణం చీలేటప్పుడు క్రోమోజోముల్ని చెరో వైపుకు లాగే దారాలుంటాయి కదా, జంతువుల కణంలో వాటిని అల్లే కేంద్రాలు రెండు కొసలా ఉంటాయి. మొక్క కణంలో అవి లేవు కదండీ. మరి ఏ క్రోమోజోము ఎటు పోవాలో ఎవరు చెబుతారు?"

"ముందు దూది పెట్టు," అన్నారాయన.

ఆ దూది సంగతి చెప్పాలి. ఎండు తెగులుకు లొంగని అడవి వంగను తోట వంగతో కలిపి హైమ ఒక సంకరాన్ని పుట్టించింది. మొక్క బతికింది గాని గింజ కట్టలేదు. ఒక జాతి క్రోమోజోముకు రెండో జాతిలో జోడు లేదు, జోడు లేకపోతే గింజ ఎక్కడిది? దానికో ఉపాయం ఉంది. అడవినాభి దుంపలో దొరికే మందుతో దూది తడిపి మొక్క కొసన లేత ఇగురు మీద పెడితే, కణంలో దారాలు కరిగిపోతాయి. రెట్టింపైన క్రోమోజోములు విడిపోలేక ఒకే కణంలో ఉండిపోతాయి. ప్రతిదానికీ జోడు దొరికినట్టే. గింజలేని పుచ్చకాయకూ మొదటి మెట్టు ఇదే. అయితే సాయంత్రానికి దూది తీసి ఇగురు కడగాలి. అప్పుడు దారాలు మళ్లీ వాటంతటవే అల్లుకుంటాయి; తీయకపోతే కణం చీలకుండానే రెట్టింపు మీద రెట్టింపు అవుతూ పోతుంది.

హైమ మొక్కలు వేరుకుళ్లుకు పోగా ఒక్కటే మిగిలింది, దానికీ ఒక్కటే ఇగురు. అడవి వంగ దొరికిన గుట్ట ఇప్పుడు కంకర క్వారీ.

సాయంత్రం ఆమె దూది తీయలేదు. మందు చాలకపోతే మళ్లీ పెట్టడానికి ఇంకో ఇగురు లేదు కదా అనుకుంది. మర్నాడు ఆరిన దూదిని మళ్లీ మందుతో తడిపింది.

కొన్నాళ్లకు ఇగురు ఉబ్బి నల్లబడసాగింది. మాస్టారు ఇంకా పచ్చగా ఉన్న పిసరు కోసి, రంగు వేసి, గాజుపలక మీద నొక్కి మైక్రోస్కోపు కింద పెట్టారు.

"ఏం కనబడుతోందమ్మా?"

"క్రోమోజోముల కుప్ప. లెక్కకు అందడం లేదండీ."

"జోళ్లు?"

"కావలసినదానికన్నా ఎక్కువే ఉన్నాయి." ఆమె మైక్రోస్కోపు మీంచి తల ఎత్తింది. "దారం ఒక్కటీ లేదు."

కుండీ వైపు తిరిగి, "మళ్లీ చిగురిస్తుందంటారా?" అంది.

మాస్టారు కాండాన్ని గోటితో గీరి చూశారు. లోపల పచ్చదనం లేదు. కుండీని మెల్లగా పక్కకు జరిపారు.

"ఎటు పోవాలో ఎవరు చెబుతారని అడిగావు," అన్నారు. "ఎవరూ చెప్పరమ్మా. మనం చెయ్యి తీసి ఉంటే పోయేవి."