తొడుగుకు తెలియనిది

విశ్వేశ్వరం గారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. ముందు చేతిలో కాఫీ అయిపోవాలి, తరువాత కొంత నడక. శిష్యుల్లో సగం మంది ఆ నడకలోనే ప్రశ్న మరిచిపోయేవారు. అవి మరిచిపోదగ్గ ప్రశ్నలేనని ఆయన అభిప్రాయం.

పురుషోత్తం ప్రశ్న అలాంటిది కాదు. ఒకప్పుడు కూరలో ఉప్పు తక్కువైతే కంచం విసిరేసిన మనిషి, రెండేళ్ళ సాధనతో పల్లెత్తు మాట అనని వాడయ్యాడు. "కోపం పోయింది, విసుగు పోయింది గురువుగారూ. ఆ వెనకాలే మా విమల కూడా పోయింది, పుట్టింటికి. ఏం చెప్పినా ఉలకరు పలకరు, గోడతో కాపురం నా వల్ల కాదంది. నెలైంది. తిరిగి వస్తుందా? నేను చేసిన తప్పేమిటి?"

గురువుగారు కాఫీ ముగించి, అతన్ని ఆశ్రమం వెనక్కి తీసుకుపోయారు.

అక్కడ కొండమీది ట్యాంకు నుంచి వచ్చే ఇనుప గొట్టానికి మరమ్మతు జరుగుతోంది. ఆ గొట్టానికి గురువుగారి కంటే రెండేళ్ళు వయసెక్కువ. ఇద్దరిలో ఎవరు ముందు మూలపడతారోనని వంటావిడ మంగతాయారు ఆయన ముందే పందెం కాసేది. తవ్వి తీయాలంటే పైన మామిడిచెట్లు, నాలుగు కుటీరాలు. అందుకని లోపలి తుప్పు గీకి, జిగురులో నానిన గుడ్డ తొడుగును ఒక కొస నుంచి చొక్కా చెయ్యి తిరగేసినట్టు తిరగేస్తూ నీటి ఒత్తిడితో లోపలికి తోశారు. వేడినీళ్ళతో అది గట్టిపడింది.

కెమెరా పంపి టీవీలో చూపించాడు ఖాజా మేస్త్రీ. ఎక్కడా గీత లేదు, మరక లేదు. పురుషోత్తం మురిసిపోయాడు. "అద్దంలా ఉంది! ఇంకేం, నీళ్ళు వదలండి."

"వదిలితే వంటింటికి చుక్క పోదు సార్."

"ఏం?"

"కుళాయిల దారులు కూడా మూసేసింది కదా. తొడుగుకేం తెలుసు సార్, ఏది పగులో, ఏది దారో! కనబడ్డ కంతనల్లా కప్పేస్తుంది. ముందే కొలతలు రాసుకున్నాం. ఇప్పుడు లోపలికి మిషను పంపి ఒక్కొక్కటే కోసి తెరవాలి."

"ఇంత నున్నగా చేసి, మళ్ళీ కోస్తారా?"

"కొయ్యకపోతే ఎందుకు సార్ ఇది? పోటో కట్టి గోడకు తగిలించుకోవాలా?"

మిషను గుర్రుమంటూ అయిదు చోట్ల కోసింది. ఆ కోసిన పొడంతా కడిగేసి నీళ్ళు వదిలాక, వంటింట్లోంచి మంగతాయారు కేక వినిపించింది: "వచ్చాయర్రా! అబ్బో, ఏం జోరు!"

పురుషోత్తం చెప్పులు తొడుక్కుని వచ్చాడు. "మూడింటికి విమల వాళ్ళ ఊరికి బస్సుంది గురువుగారూ. ఆవిడ ఊరుకోదు. నెల రోజుల కోపం దాచుకుని ఉంటుంది."

"తిడుతుంది," అన్నారు గురువుగారు హాయిగా. "నువ్వూ నాలుగు అను. మరీ మెత్తగా ఉండక్కర్లేదు."