సాంచెలు ఆగాక

ఇంతకుముందు నేనేదీ రాసి ఎరగను. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

శంభులింగం అయ్యగారిని ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చెప్పులు తొడుక్కుని, అడిగినవాళ్ల వెంట నడిచేవారు.

ఒకనాడు శిష్యురాలు దేవవ్వ ఆయన ముందు కూర్చుని కొంగు మెలిపెడుతూ అడిగింది. "అయ్యా, కోడల్ని నేను ఒక్క చెడ్డ మాట అనలే. అయినా రేపు పుట్టింటికి పోత, మళ్ల రానంటున్నది. మంచి మాట గూడ ఎందుకు గుచ్చుకుంటది?"

"నీకు పనికి టైమయితలేదా? నడువు, నేనూ వస్త," అన్నారాయన.

దేవవ్వ సాంచెల కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. కరెంటుతో నడిచే మగ్గాలను ఆ ఊళ్లో సాంచెలంటారు. అవి ఆడుతుంటే కాళ్ల కింద నేల అదురుతుంది. ఆ మోతలో పొడుగు మాటలు నిలవవు. "జర", "బిడ్డా" లాంటివి ఎలాగూ వినబడవని అక్కడి ఆడవాళ్లు ఏనాడో వదిలేశారు. అసలు మాట ఒక్కటే మిగిలేది, అదీ అరుపుగా.

అయ్యగారు ఒక మూల నూలు మూట మీద కూర్చున్నారు. దేవవ్వ పక్క మిషను దగ్గరున్న స్రవంతి వైపు వంగి ఏదో అడుగుతోంది. ఆ పిల్ల నిండు కడుపుతో ఉంది. అంతలో కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కపెట్టున ఆగాయి.

"ఎందుకు తినలే? తిను!" అన్న దేవవ్వ గొంతు ఒక్కటే రేకుల కప్పుకు తగిలి మోగింది.

నూలు దింపడానికి వచ్చిన ఆటో అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. "పోనియ్ పెద్దమ్మా. ఏం తప్పు చేసిందో గని, కడుపుతోని ఉన్నది. కొట్టకు."

స్రవంతి పగలబడి నవ్వింది. "కొట్టుడేంది అన్నా? నా కోసం అటుకులు చేసుకొచ్చింది."

అందరూ నవ్వారు. దేవవ్వ నవ్వలేదు. కోడలికి అన్నం వడ్డించేటప్పుడూ ఇదే మాట, ఇదే గొంతు.

"ఇంట్ల సాంచెలు లేవు గదా, అయ్యా," అంది. అదీ గట్టిగానే అంది.

"లేవని నీ గొంతుకెవరు చెప్తరు, దేవవ్వా," అంటూ అయ్యగారు లేచారు.

మర్నాడు పొద్దున కోడలు సంచి సర్దుకుంటోంది. రోజూ వాకిట్లోంచే పిలిచే దేవవ్వ చాయ్ గ్లాసు పట్టుకుని గదిలోకి వెళ్లింది. "చాయ్ సల్లారుతున్నది, బిడ్డా," అంది. గొంతు ఎంత తగ్గిందంటే, తనకే సరిగ్గా వినబడలేదు.

"ఏమన్నవ్, అత్తమ్మా?" కోడలు సంచి కింద పెట్టి దగ్గరికి వచ్చింది.

దేవవ్వ గొంతు పెంచలేదు. మళ్లీ అంతే మెల్లగా చెప్పింది.