రుచిపెద్ద నోట్లో జీడిపిక్క

ఉప్పిడిమెట్ట మీద బతికే జంతువులకు ఒక కట్టుబాటు ఉండేది. ముక్కూ మొహం తెలియని కాయను గానీ పండును గానీ ఎవరూ తమంతట తాము నోట పెట్టకూడదు. ముందు రుచిపెద్ద తిని చూడాలి. ఆయన సరేనంటేనే మిగతావాళ్ళు తినాలి. ఎప్పుడో ముసిడికాయలు తిని ఒక జింకల మంద మొత్తం పోయిందట, అప్పటి నుంచీ ఈ ఏర్పాటు. ఏర్పాటులో తప్పేమీ లేదు. ఆ పెద్దరికం నక్కల ఇంట్లో పడటమే తప్పు.

ఆ రోజుల్లో రుచిపెద్ద పైడయ్య అనే నక్క. ఆయన ఏ పండునైనా విషమని తేల్చాడంటే, దాన్ని ఏరి తన గుహ ముందు కుప్ప పోయమనేవాడు. పిల్లాజెల్లా కంట పడకుండా తానే పాతిపెడతానని అభయమిచ్చేవాడు. ఎందుకో మరి, కొండ మీద విషప్పండ్లు ఎక్కువైన ఏడాది పైడయ్య ఒళ్ళు నిగనిగలాడేది. అందరి మేలు కోరే మనసు కాబట్టి ఆ కళ వచ్చిందని కొండవాళ్ళు అనుకునేవారు.

ఆ వేసవి మాత్రం కొండకు కలిసిరాలేదు. అకాల వానకు ఇప్పపూలు నేలరాలి కుళ్ళిపోయాయి. కొండ కింద కొన్నేళ్ళ క్రితం జీడితోటలు వేసినవాళ్ళు ఆ ఏడు చెదపుట్టలన్నీ చదును చేసేశారు. ఎలుగుబంటి నూకాలుకు చెదలే అన్నం, ఇప్పపూలే పండగ. రెండూ పోయేసరికి ఆమెకు పాలు తగ్గిపోయాయి. ఎలుగుబంట్ల ఆచారం ప్రకారం ఆమె తన ఇద్దరు పిల్లల్నీ వీపు మీద ఎక్కించుకుని తిరిగేది. ఎదిగే పిల్లలు రోజురోజుకీ బరువెక్కాలి. వీళ్ళేమో తేలికైపోతున్నారు. నడుస్తూ నడుస్తూ పిల్లలు జారిపోయారేమోనని వెనక్కి తిరిగి చూసుకునేది. వాళ్ళు అక్కడే ఉండేవారు, మాట్లాడకుండా. ఆమెకు భయం వేసేది.

అదే నెలలో కొండ కింద జీడిమామిడి చెట్లు మొదటిసారి కాశాయి. ఎర్రగా, పసుప్పచ్చగా పండ్లు. ప్రతి పండుకూ అడుగున బయటికి వేలాడుతూ ఒక పిక్క. అలాంటి వింతను కొండ మీద ఎవరూ చూసి ఎరగరు. కుందేళ్ళూ జింకలూ ముళ్ళపందులూ పైడయ్య వెంట చెట్టు కిందికి చేరాయి. పైడయ్య పండును ఒక్కసారి నాకి, కళ్ళు తేలేసి, నేల మీద రెండు పొర్లు పొర్లాడు. ముళ్ళపంది ఎర్నమ్మ ఆకుతో గాలి విసరబోతే లేచి కూర్చుని తీర్పు చెప్పాడు.

“పండన్నాక పిక్క లోపలుండాలా, వొద్దా? దీని కడుపులో ఎంత ఇసముందో సూడండి. సొంత పిక్కే లోపలుండలేక బయటికొచ్చీసింది.”

ఇంత కళ్ళకు కట్టినట్టు చెప్పాక ఇక అనుమానం ఏముంటుంది? అందరూ తలలూపారు, పండ్లు ఏరి ఆయన గుహ ముందు కుప్ప పోశారు. నూకాలు కూడా మోసింది. మోస్తుంటే ఆ వాసనకు ఆమె నోట్లో నీళ్ళూరాయి. విషానికి ఇంత మంచి వాసన ఎందుకిచ్చాడా దేవుడు అని నిట్టూర్చింది.

కొన్నాళ్ళకు, తెల్లవారగానే చెదల కోసం తిరుగుతూ ఆమె పైడయ్య గుహ పక్క నుంచి వెళ్ళింది. పొద వెనక పిక్కల గుట్ట కనిపించింది. పిక్కలన్నీ ఉన్నాయి, పండ్లు మాత్రం లేవు. పాతిపెట్టేవాడు పండును ఒలిచి పిక్కను పక్కన పెట్టి పాతిపెడతాడా? ఇంతలో పైడయ్య ఆవులిస్తూ బయటికొచ్చి, ఏం వదినా ఇలా వచ్చావని పలకరించాడు. ఎలుగుబంటి ముక్కు సంగతి తెలిసిందే కదా. ఆయన నోరు గుప్పున జీడిపండు వాసన కొట్టింది. నూకాలు ఇంటిదారి పట్టింది.

ఆమెకు కోపం రావాల్సింది. ముందు భయమే వచ్చింది. ఆకారం పెద్దదే గానీ తిండి విషయంలో ఆమె మహా పిరికిది. నక్క కడుపుకు సరిపడింది తన కడుపుకు సరిపడాలని ఎక్కడుంది? కానీ వీపు మీద పిల్లల బరువు గుర్తొచ్చింది. వాళ్ళను ఎర్నమ్మ దగ్గర దింపి, జరిగిందంతా చెప్పింది.

“అత్తా, నాను ఆ పండు తిని సూస్తాను. నాకేటైనా అయితే, నా పిల్లగుంటల్ని నువ్వే సూసుకోవాల.”

ఎర్నమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. అయినా వద్దనలేదు. పిల్లల డొక్కలు ఆమె కూడా చూస్తూనే ఉంది.

నూకాలు చెట్టు కింద రాలిన ఒక పండును ముందు వాసన చూసింది. పెదవికి తాకించి, చెట్టు నీడ తన మీద నుంచి జరిగిపోయేదాకా ఆగింది. పెదవికేమీ కాలేదు. నాలుకతో అద్దింది, మళ్ళీ ఆగింది. చివరికి చిన్న ముక్క కొరికి మింగింది. గొంతు గరగరలాడింది. అయిపోయింది నా పని అనుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. ఎంతసేపు కూర్చున్నా ప్రాణం పోకపోగా, నోట్లో తియ్యదనం మిగిలింది. గరగర విషం కాదు, వగరు. అంతే. ఆమె నవ్వుకుని మిగతా పండు తినేసింది.

పిక్కను కూడా అలాగే పరీక్షించింది. పంటితో కాస్త గీరి పెదవికి తాకించగానే చుర్రుమంది. వెంటనే నేలకేసి రాసుకుంది. కొంచెమే కాబట్టి కొంచెమే మండింది.

పండు మంచిదని ఊరికే చెబితే ఎవరూ నమ్మరని నూకాలుకు తెలుసు. రుచిపెద్ద మాట ముందు ఎలుగుబంటి మాట ఎంత? రేపో మాపో ఇది చస్తుంది, దీని జోలికి పోకండి అని పైడయ్య ఒక్క మాటంటే చాలు. అందుకే ఆమె సాయంత్రం అందరినీ ఆయన గుహ ముందుకు పిలిచి, పైడయ్య ఎప్పుడూ చెప్పే మాటలే చెప్పింది.

“నాను జీడిపిక్క రుచి సూశాను. ఎవరూ దాని జోలికి పోకండి. పిక్కలన్నీ ఏరి నాకిచ్చీయండి, నానే పాతిపెట్టీస్తాను.”

పైడయ్య చెవులు నిక్కించాడు. ఆ మాటల అర్థం ఆయనకు తెలిసినంతగా కొండ మీద ఇంకెవరికి తెలుసు? ఇన్నాళ్ళూ గట్టిగా ఉన్నాయని పిక్కల్ని ఊసిపారేసినందుకు తనను తానే తిట్టుకున్నాడు. నా ఎత్తు నా మీదే వేస్తున్నావా అని లోపల నవ్వుకుని ముందుకొచ్చాడు.

“అదేటి వదినా, రుచిపెద్దని నానుండగా నువ్వు సెప్పడమేటి?”

“కొరక్కు బావా. మంటెత్తిపోద్ది. నీ మంచికే సెప్తున్నాను.”

వద్దన్నకొద్దీ ఆయనకు నమ్మకం పెరిగింది. ఆ రోజు కొత్తగా ఏరి పోసిన పండ్ల కుప్పలోంచి దోసెడు పిక్కలు తెంపి నోట్లో వేసుకుని కసకసా నమిలాడు.

ఈసారి పొర్లడానికి నటన అక్కర్లేకపోయింది. పెదవులు పొంగాయి, నాలుక బయట పడింది, కళ్ళ వెంట ధారలు కారాయి. నీళ్ళు తాగుదామంటే వాగు చాలా దూరంలో ఉంది. చల్లగా, రసంతో కళ్ళెదుట ఉన్నది జీడిపండ్ల కుప్పే. పైడయ్య దాని మీద పడి, పిక్కలు వదిలేసి పండ్లను ఒకదాని తర్వాత ఒకటి గుటగుటా మింగేశాడు. మంట కాస్త తగ్గాక తలెత్తితే కొండంతా తననే చూస్తోంది.

ఎర్నమ్మ నెమ్మదిగా అడిగింది.

“పైడయ్యా, అది ఇసం కాదేటి?”

పైడయ్య పొంగిన మూతిని ముంగాళ్ళతో కప్పుకున్నాడు.

నూకాలు తాను పండు తిన్న సంగతీ, తిన్న పద్ధతీ వివరంగా చెప్పింది. కుందేళ్ళు పెదవికి తాకించి ఆగాయి, జింకలు నాలుకతో అద్ది ఆగాయి. వగరుకు మొహాలు చిట్లించుకుని, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాయి. ఆ రోజు నుంచి రుచిపెద్ద అన్న పదవే లేకుండా పోయింది. పైడయ్యను మాత్రం ఎవరూ తరిమేయలేదు. అందరితో పాటు తినమన్నారు. పాపం, నోరు కాలినవాడికి చాన్నాళ్ళు ఏ పండు తిన్నా రుచే తెలియలేదు.

తొలకరి పడేనాటికి నూకాలు కొండెక్కుతూ మధ్యలో ఆగింది. వీపు లాగేస్తోంది, నడుం పట్టేసింది. పైన పిల్లలిద్దరూ కొట్టుకుంటూ గోల చేస్తున్నారు. ఆమె వాళ్ళను దింపలేదు. సంతోషంగా మూలుగుతూ కొండెక్కింది.

నీతి: కొత్త తిండిని పరాయి నోటి మాట విని విషమనుకుని వదిలేయకూడదు, సొంత నోటితోనైనా కొంచెం కొంచెంగానే రుచి చూడాలి.