దొరువులో చిక్కిన ఊపిరి

అనగనగా సముద్రానికి దగ్గర్లో, ఎటు చూసినా ఇసుకే ఉండే ఒక ఊళ్ళో పిచ్చయ్య, నాంచారమ్మ అని ఆలుమగలు ఉండేవాళ్ళు చిట్టితల్లీ. కనకాంబరాల తోట వేసుకుని బతికేవాళ్ళు. ఆ నేలలో తోటకి నీళ్ళు కావాలంటే ఇసుకలో పెద్ద గొయ్యి తవ్వాలి. దాన్నే దొరువు అంటారు.

ఒక ఎండాకాలం దొరువులో నీళ్ళు అడుగంటాయి. పిచ్చయ్య పార పట్టుకుని లోపలికి దిగాడు. తవ్వాడు, తవ్వాడు, నిలువులోతు తవ్వాడు. అప్పుడు పక్కనున్న ఇసుక గట్టు జర్రున జారి అతని మీద పడింది.

పూలు కోస్తున్న నాంచారమ్మ ఆ చప్పుడుకి పరిగెత్తింది. చూస్తే ఏముంది! మొగుడి తల తప్ప ఇంకేమీ కనబడటం లేదు. "అమ్మయ్య, ముఖం బయటే ఉంది" అనుకుంది పిచ్చిది. కానీ పిచ్చయ్య నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. "ఊపిరి... ఆడట్లే..." అన్నాడు.

ఆమె కేకలు విని పక్క తోటలోంచి కోటిలింగం, అతని పెళ్ళాం శేషమ్మ వచ్చారు. శేషమ్మ కొంగుతో గబగబా విసిరింది. గాలి ముఖానికి తగులుతూనే ఉంది, లోపలికే పోవట్లేదు. ఆ తర్వాత కోటిలింగం ఇసుకలోకి చేతులు దూర్చి, పిచ్చయ్య చంకలు పట్టుకుని పైకి లాగాడు. మనిషి కదల్లేదు సరికదా, ఇంకాస్త ఇసుక జారింది.

పిచ్చయ్య పెదాలు నల్లబడుతున్నాయి. నాంచారమ్మ రొప్పుతూ గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా తన పక్కటెముకలు లేస్తున్నాయి, పొట్ట ముందుకు పొంగుతోంది. మరి మొగుడికో? అతను ఊపిరి వదిలిన ప్రతిసారీ మెడ చుట్టూ ఇసుక కిందికి జారి బిగుసుకుంటోంది. మళ్ళీ లేవనివ్వట్లేదు.

"గాలి బోలెడుందే శేషూ! ఈయన రొమ్ము విప్పుకోడానికే చోటు లేదు. తవ్వండి!" అని అరిచింది.

నీ పొట్ట మీద చెయ్యి పెట్టుకో తల్లీ. పొంగుతోందా? రొమ్ముకీ పొట్టకీ మధ్య గొడుగులా ఒక కండ ఉంటుంది. ఊపిరి పీల్చేటప్పుడు అది కిందికి దిగుతుంది. పక్కటెముకల మధ్య కండలు వాటిని పైకెత్తుతాయి. అప్పుడు లోపల చోటు పెరిగి, ఉన్న గాలి పల్చబడి, దాని ఒత్తిడి తగ్గుతుంది. బయటి గాలి ఒత్తిడి ఎక్కువ కదా, ముక్కులోంచి తోసుకుని వచ్చేస్తుంది. కండలు వదులైతే చోటు తగ్గి, గాలి బయటికి పోతుంది. పాపం, పిచ్చయ్య కండలు ఎంత పెనుగులాడినా తడి ఇసుక కదలనివ్వలేదు.

కోటిలింగం పాక తడిక పీక్కొచ్చి గట్టుకి అడ్డంగా నిలబెట్టి, వీపుతో అదిమి పట్టాడు. పార తగిలితే ప్రమాదమని ఆడవాళ్ళిద్దరూ చేతులతోనే తోడారు. ముందు భుజాలు బయటపడ్డాయి. ఆ తర్వాత పక్కటెముకలు. కాస్త ఊపిరి ఆడింది, కుక్కపిల్ల ఊపిరంత.

"ఇంకా కిందికి, పొట్ట దాకా తవ్వు అక్కా!" అంది శేషమ్మ. నాంచారమ్మ గోళ్ళు విరిగాయి. అయినా ఆగలేదు. అప్పుడు పొట్ట మీద బరువు తగ్గింది. పిచ్చయ్య రొమ్ము ఒక్కసారిగా లేచింది. హా... అని గాలి లోపలికి పోయింది. మళ్ళీ బయటికొచ్చింది. మళ్ళీ పోయింది.

"నాంచారీ, ఏడవకే" అన్నాడు. అంతే, ఆమె ఇంకా గట్టిగా ఏడ్చేసింది.

కాళ్ళ దాకా తవ్వి, బయటికి తీసి, ఆసుపత్రిలో చూపించారు. "ఏం భయం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు డాక్టరు. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఎవరూ ఒంటరిగా దొరువు తవ్వలేదు. గట్లు కూడా ఏటవాలుగానే కోసేవాళ్ళు.

ఇంటికి రాగానే పిచ్చయ్య మంచం మీద వాలి, గురక మొదలుపెట్టాడు. వాకిట్లో కూర్చున్న శేషమ్మ నవ్వి, "అబ్బ, పక్కకి తిప్పి పడుకోబెట్టక్కా" అంది.

"ఉండనీవే, కాసేపు విననీ" అంది నాంచారమ్మ, అతని పొట్ట మీద చెయ్యి వేసి.

గాలి వచ్చింది రొమ్ములోకి, ప్రాణం వచ్చింది మనిషిలోకి,
కథేమో వెళ్ళింది కంచికి, నిద్రేమో వచ్చింది నీ కంటికి.