పక్కింటివాళ్ళకి భోజనం

"తారకేశూ! ఒరేయ్ తారకేశూ! ఎంతమందొస్తారో చెప్పవేంరా, బియ్యం కడగాలి!"

షెడ్డు వెనకనుంచి జిలానీ ఉస్తాద్ కేక. తారకేశు విననట్టే తన బొమ్మని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు.

బొమ్మంటే దేవుడి బొమ్మ కాదు. సొట్టలు పడ్డ స్టీలు క్యారేజీ గిన్నెల్ని ఒకదాని మీద ఒకటి వెల్డింగు చేసి నిలబెట్టిన అపార్ట్‌మెంటు. గిన్నెలు ఇళ్ళు, మూతలు తలుపులు. ఒక్క తలుపూ తెరుచుకోదు. దానికి 'పక్కింటివాళ్ళు' అని పేరు పెట్టుకున్నాడు. ఎండ పడితే ఒక్కో సొట్టలో ఒక్కో బుల్లి సూర్యుడు వెలిగేవాడు. అది చూసి తారకేశుకి కళ్ళు వాటంతటవే చెమర్చేవి. ఇవాళ వ్యానొస్తుంది. బొమ్మ హైదరాబాదు ప్రదర్శనకి వెళ్తుంది, ఉస్తాద్ సరేనంటే.

తారకేశుకి పని నేర్పే ఉస్తాద్ చేసేవీ ఇలాంటి బొమ్మలే. మాడిన కుక్కర్లు, కుట్టుమిషన్లు, విరిగిన ఫ్యాను రెక్కలు. జనం వాడి పారేసినవాటిలోనే జనం కనిపిస్తారంటాడు. ఆయన షెడ్డుకో పద్ధతుంది. ఏ వస్తువైనా దాన్ని వాడినవాళ్ళింటికి వెళ్ళి, కాసేపు కూర్చుని, అడిగి తెచ్చుకోవాలి. బొమ్మ బయటికెళ్ళే రోజు ఆ ఇచ్చినవాళ్ళందర్నీ పిలిచి అన్నం పెట్టాలి.

తారకేశు పొయ్యి దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడీ భోజనాలెందుకు ఉస్తాద్? మీకు శ్రమ."

"నీ మొదటి బొమ్మరా. అన్నంలోకి దాల్చా పెట్టకపోతే నీ అపార్ట్‌మెంటుకి గిన్నెలిచ్చినవాళ్ళు నన్ను తిట్టిపొయ్యరూ? అందర్నీ పిలిచావా?"

"పిలిచాను."

"ఆ పై అంతస్తు గిన్నె ఎవరిది?"

"అది... ఒక నర్సుగారిది."

"పాపం, డ్యూటీ దిగి వస్తుందేమో. ఆవిడకి కారం పడుతుందా?"

తారకేశు నసిగాడు. "పడుతుందనే అనుకుంటా."

"అడిగి ఉండాల్సిందిరా," అంటూ ఉస్తాద్ పచ్చిమిరపకాయల్లో సగం తీసి పక్కన పెట్టేశాడు.

బగారా అన్నం దిగింది. చాపలు పరిచారు, విస్తర్లు వేశారు, గ్లాసుల్లో నీళ్ళు పోశారు. ఎవరూ రాలేదు. వ్యాను మాత్రం వచ్చింది.

డ్రైవరు లోపలికి తొంగిచూశాడు. "వాసన చంపేస్తోంది సాయిబుగారూ. నాకో ముద్ద పెడితే తిని లోడెక్కించుకుంటా."

"నీకు పెట్టకుండా ఎక్కడికి పోతాను? గిన్నెలిచ్చిన ఇంటివాళ్ళని రానీ నాయనా."

పొద్దు పడమటికి వాలింది. అన్నం మీద ఆవిరి పోయింది. ఉస్తాద్ విస్తర్ల మీద వాలబోయే ఈగల్ని తువ్వాలుతో తోలుతూ కూర్చున్నాడు.

"మీకు షుగరుంది. మీరైనా తినండి ఉస్తాద్," అన్నాడు తారకేశు.

"వాళ్ళు తినకుండా నేనా? బాగుంటుందిట్రా?"

ఉస్తాద్ లేచి, గోడ పట్టుకుని గేటు దాకా నడిచాడు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూశాడు. ఎవరో ఆవిడ సంచీ పట్టుకుని నడిచొస్తోంది.

"చూడరా, ఆవిడేనా మన నర్సమ్మ?"

ఆవిడ తన దారిన తను వెళ్ళిపోయింది. ఉస్తాద్ అక్కడే నిలబడి మళ్ళీ రోడ్డు చివరికి చూస్తున్నాడు.

తారకేశు వెళ్ళి ఆయన భుజం పట్టుకున్నాడు.

"ఎవరూ రారు ఉస్తాద్. నర్సూ లేదు, ఎవరూ లేరు. అన్నీ కొట్లో కొన్న కొత్త గిన్నెలు. సొట్టలు నేనే సుత్తితో కొట్టాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళింటికెళ్ళి ఏమని మాట్లాడాలో తెలీక... నేను ఒక్క గుమ్మం కూడా ఎక్కలేదు ఉస్తాద్."