నీలమ్మ పెంకు

అనగనగా, ఏరు నడిచి నడిచి అలసి, సముద్రం ఒళ్ళో తల వాల్చే చోట ఒక పీతల ఊరు ఉండేది. అలాంటి చోటుని అక్కడివాళ్ళు మొగ అంటారు. పోటులో సముద్రపు నీరు లోపలికి వచ్చేది. ఆటులో ఏటి నీరు బయటికి పోయేది. ఆ రెండు నీళ్ళ నడుమ, మడచెట్ల వేళ్ళ నీడలో, పీతలు, గుల్లలు, రొయ్యలు చల్లగా బతికేవి.

పీత పెరగాలంటే పాత పెంకు విడవాలి. కొత్త పెంకు గట్టిపడేదాకా దాని ఒళ్ళు వెన్నముద్ద. చిన్న చేప కొరికినా ప్రాణం పోతుంది. అందుకని ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. పెంకు విడిచిన పీత బొరియ ముందు పొరుగు పీత కాపు కాయాలి. పెంకు గట్టిపడ్డాక లోపలి పీత బయటికి వచ్చి, కాపు కాసిన పీత వీపు మీద తన డెక్కతో మెల్లగా తట్టాలి. పీతలకు అదే దండం.

ఒకసారి నీలమ్మ అనే పీత పెంకు విడిచింది. పొరుగున ఉండే గవరమ్మ కాపుకి కూర్చుంది. పోటు వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. నీలమ్మ పెంకు మాత్రం గట్టిపడలేదు.

"ఎలా ఉందే నీలా?"

"నొక్కితే లొత్త పడుతోంది అక్కా. నువ్వు వెళ్ళి ఏదైనా తినిరా."

"నేను తినడానికి వెళితే నిన్ను ఇంకెవరో తింటారు. మాట్లాడకుండా పడుకో."

ఊరిపెద్ద బండయ్య వచ్చి చూశాడు. "పెంకు గట్టిపడలేదంటే కాపు కాసేదాని మనసు మంచిది కాదన్నమాట. పెద్దలు ఊరికే అన్నారా," అన్నాడు. ఊరంతా తల ఊపింది. అప్పటికే గుల్లలు నోళ్ళు తెరుచుకుని చచ్చి, గట్టున గుట్ట పడుతున్నాయి. రొయ్యపిల్లలు ఈదలేక నీటివాలుకి కొట్టుకుపోతున్నాయి. ఆ పాపం కూడా గవరమ్మ నెత్తినే వేశారు.

గవరమ్మ బొరియ ముందు నుంచి కదల్లేదు.

మొదట మలుగుపాము వచ్చింది. "నింద వేసిన ఊరికి ఊడిగం చేస్తావెందుకు? పక్కకు జరుగు," అంది.

"నింద వేసింది ఊరు. లోపల ఉన్నది నీలమ్మ," అని గవరమ్మ డెక్క ఎత్తింది. మలుగుపాము బురదలోకి జారుకుంది.

తర్వాత నీరుకుక్క వచ్చింది. "పాపం, ఆకలితో నకనకలాడుతున్నావు. సగం నీకు, సగం నాకు. ఎవరికీ చెప్పనులే," అంది.

"పొరుగుదాన్ని వడ్డించే విందుకి నేను రాను," అని గవరమ్మ దాని ముక్కు పట్టుకుంది. నీరుకుక్క మూలుగుతూ పోయింది.

చివరికి కొంగ వచ్చింది. అది బొరియ వైపు చూడనైనా లేదు.

"డెక్క దించు గవరమ్మా. మెత్తపీతలు నాకొద్దు. మొన్నటిదాకా వాటినే పిల్లలకు పెట్టాను. ఇప్పుడవి కాళ్ళు నిలవక గూట్లో కూలబడ్డాయి."

గవరమ్మకు ఒక సంగతి తట్టింది. పోటు ఉన్నంతసేపూ నీలమ్మ కాస్త తేరుకునేది. ఆటులో మళ్ళీ వాడిపోయేది. "కొంగ బావా, ఏటికి ఎగువన కొత్తగా ఏమైనా వచ్చిందా?" అని అడిగింది.

"పసిడయ్య అనే ఒక వర్తకుడు ఎరువు కోసం తెల్లరాళ్ళు పొడి కొట్టిస్తున్నాడు. ఆ కడుగునీళ్ళన్నీ ఏట్లోకే."

పిల్లలూ, ఆ రాళ్ళలో ఉన్న విషం పేరు ఫ్లోరైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. సముద్రపు ఉప్పునీరు దాని కోరలు కొంత విరుస్తుంది. ఏటి మంచినీట్లో దానికి అడ్డు లేదు. పెంకునీ ఎముకనీ వెతుక్కుంటూ పోయి అక్కడే కాపురం పెడుతుంది. లాభం పసిడయ్య ఒక్కడి ఇంటికి, విషం మొగలో అందరి ఇంటికీ.

"రేపు పొద్దున్నే రాజుగారు సముద్ర స్నానానికి వస్తున్నారు. నా వీపెక్కు, తీసుకెళతాను," అంది కొంగ.

"మరి నీలమ్మో?"

అప్పటికే అటు వచ్చి పక్కన నిలబడి అంతా విన్న బండయ్య తల వంచుకున్నాడు. వచ్చి బొరియ ముందు కూర్చున్నాడు. "వెళ్ళిరా తల్లీ. అనకూడని మాట అన్నాను. కాపు నేను కాస్తాను," అన్నాడు.

రాజు గవరమ్మ మాటలు విన్నాడు. పసిడయ్యను పిలిపించాడు.

"ప్రభూ, సముద్రం ఎంత, నా కడుగునీరు ఎంత? ఏనుగు మీద దోమ," అన్నాడు పసిడయ్య.

"ఆటు వేళకి ఆ ఏనుగు వెళ్ళిపోతుంది రాజా. దోమతో మేమే ఉంటాం," అంది గవరమ్మ. "ఏరు ఎవరి అబ్బ సొత్తూ కాదు. అందులో ఏం కలపాలో ఒక్కడే తేల్చేస్తే ఎలా?"

రాజు ఒక చెంబెడు కడుగునీరు తెప్పించాడు. "అంత మంచిదైతే తాగు పసిడయ్యా."

"ఇవాళ ఉపవాసం ప్రభూ."

"ఉపవాసానికి నీళ్ళు అడ్డు కాదులే."

పసిడయ్య చెంబు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. అతని చెయ్యి మాత్రం లేవలేదు.

రాజు ఆ క్షణమే రాళ్ళ పని ఆపించాడు. ఆస్థాన వైద్యుడు, సున్నం ఆ విషాన్ని పట్టి అడుక్కి దించుతుందని చెప్పాడు. అంత సున్నం ఎక్కడిది? మొగలో చచ్చిన గుల్లలు గుట్టగా పడి ఉన్నాయి కదా. వాటినే కాల్చి సున్నం చేశారు. పసిడయ్య చేతనే గుంటలు తవ్వించి, కడుగునీరు అందులో పోసి సున్నం కలిపారు. అడుగున దిగిన మడ్డిని ఏటికి దూరంగా పూడ్చారు. తేటపడిందని వైద్యుడు చెప్పేదాకా ఒక్క చుక్క కూడా ఏట్లోకి వదల్లేదు.

కొన్నాళ్ళకు ఆటులో కూడా నీలమ్మ వాడిపోలేదు. ఒక పొద్దున ఆమె బొరియలోంచి బయటికి వచ్చింది. కొత్త పెంకు ఎండలో మెరిసింది.

ఆమె గవరమ్మ వీపు మీద మెల్లగా తట్టింది. తర్వాత బండయ్య వీపు మీద తట్టింది. మూడోసారి గట్టు మీద మిగిలిన గుల్లగుట్ట దగ్గరికి వెళ్ళి, ఒక ఖాళీ గుల్ల మీద తట్టింది.

"అవి వినలేవు కదే," అంది గవరమ్మ.

"వాటి పెంకే కదక్కా నా పెంకుని కాపాడింది," అంది నీలమ్మ.

ఆనాటి నుంచి ఆ మొగలో పెంకు గట్టిపడిన ప్రతి పీతా, కాపు కాసినవారికి దండం పెట్టి, ఆ గుట్టనూ ఒకసారి తట్టి వస్తుంది.

మనం మెత్తగా ఉన్నప్పుడు కాపు కాసినవారిని, గట్టిపడ్డాక మరవకూడదు.